ముందు కుర్చీ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గుంపులో ఎవరి స్థానం ఎంత, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నది ఈ నెల అంశం. రెవెన్యూ ఉద్యోగంలో చాలాకాలం సభల ఏర్పాట్లు చూసిన మనిషినని సంపాదకులు ఉత్తరాలన్నీ నాకే పంపారు. వేదిక మీద కుర్చీలు వేయించడం, పేర్లు రాసిన చీటీలు వాటికి అంటించడం, సభ మొదలయ్యేలోగా ఆ చీటీలను ఎవరూ మార్చకుండా కాపలా కాయడం నా పని. వేదిక మీద ఒక్క ఆడమనిషి కూడా లేని సభలకు ఎన్నిటికో కుర్చీలు వేయించాను. ఇప్పుడు నెల్లూరు మూలాపేటలో విశ్రాంతిగా ఉంటున్నాను గానీ, పెళ్ళికి వెళ్ళినా నా కళ్ళు ముందు వధూవరుల వైపు పోవు, ముందు వరస వైపు పోతాయి.

*

ప్రశ్న: మా పొదుపు సంఘానికి నన్ను మొదటి లీడరుగా ఎన్నుకున్నారు. పుస్తకాలు రాసేది నేనే, బ్యాంకుకు తిరిగేది నేనే. కానీ అప్పు ముందు ఎవరికి ఇవ్వాలనే మాట రాగానే అందరూ ఒక పెద్దామె ముఖం చూస్తారు. ఆమెకు ఏ పదవీ లేదు, సంతకం చేయడం కూడా ఈ మధ్యే నేర్చుకుంది. నేను లీడరునా, గుమాస్తానా?
– ఒక సోదరి, కావలి

జవాబు: సంతకానికి మీరు లీడరు, మాటకు ఆవిడ లీడరు. ఇందులో చిన్నబోవడానికి ఏమీ లేదమ్మా. జిల్లా యంత్రాంగంలోనూ ఇంతే. ఫలానా దస్త్రం కదలాలంటే అధికారి గదికి వెళ్ళాలా, ఫలానా సెక్షన్ గుమాస్తా దగ్గరకు వెళ్ళాలా అన్నది అర్జీలు పట్టుకుని తిరిగే ప్రతివాడికీ తెలుసు.

వచ్చే సమావేశంలో ఒకటి గమనించండి. ఆవిడ ఆలస్యంగా వస్తే సమావేశం ఆగుతుందా? మీరు ఆలస్యమైతే ఆగుతుందా? ఒక గుంపులో ఎవరి స్థానం ఎంతో తెలుసుకోవడానికి నాకు తెలిసిన కొలత ఇదే. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారని చూడను, ఎవరి కోసం మిగతావాళ్ళు ఆగారని చూస్తాను.

తర్వాత ఇంకొకటి చూడాలి. ఆ ఆగడం భయంతోనా, గౌరవంతోనా? జోసెఫ్ హెన్రిక్, ఫ్రాన్సిస్కో గిల్-వైట్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఈ తేడా మీద ఒక వ్యాసం రాశారు. మనుషుల్లో పై స్థానం రెండు దారుల్లో వస్తుందని వాళ్ళ వాదన. ఒకటి బలంతో, బెదిరింపుతో వచ్చేది. ఇది జంతువుల్లోనూ ఉంది. రెండోది ఆ మనిషికి ఏదో బాగా తెలుసు, ఆమె దగ్గర నేర్చుకోవచ్చు అని మిగతావాళ్ళు తమంతట తాము ఇచ్చేది. బలవంతుడి దగ్గర జనం చూపు దించుకుంటారు, వీలైనంత దూరంగా ఉంటారు. తెలిసిన మనిషి దగ్గరకు జరిగి కూర్చుంటారు, ముఖంలోకి చూస్తారు, సలహా అడుగుతారు. మీ ఉత్తరంలో ‘ముఖం చూస్తారు’ అని రాశారు కాబట్టి ఇది రెండో రకమేమో అనిపిస్తోంది. అయినా నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. అప్పుల పుస్తకం మీ చేతిలోనే ఉంది కదా, వెనక్కి తిరగేయండి. ముందుగా అప్పు అందుకున్నవాళ్ళు అవసరం ఉన్నవాళ్ళా, ఆవిడ చుట్టాలా? చుట్టాలే అయితే దాని పేరు గౌరవం కాదు, పట్టు. అప్పుడు అప్పులకు వరస సమావేశంలో అందరి ముందూ చీటీలు వేసి తేల్చాలని మీరే ప్రతిపాదించండి. చుట్టాలు కాకపోతే సమావేశానికి ముందురోజు ఆవిడ ఇంటికి వెళ్ళి, ‘పిన్నీ, ఈసారి ఇద్దరు అడుగుతున్నారు, ఏం చేద్దాం?’ అని అడగండి. మీ లెక్క ఆవిడకు కావాలి, ఆవిడ మాట మీకు కావాలి.

సంతకం ఈ మధ్యే నేర్చుకుంది అని రాసినప్పుడు మీ గొంతులో చిన్న విసురు వినిపించింది. కలిగిరి మండలంలోని దూబగుంట మీకు దూరమేమీ కాదు. తొంభైల మొదట్లో అక్కడ సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్ళలో చాలామంది అక్షరాస్యత తరగతుల్లో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్నవాళ్ళు. ఊరి వరసలో అట్టడుగున ఉన్నవాళ్ళు. దూబగుంట రోశమ్మకు ఏ పదవి ఉందని ఆమె వెనక నడిచారు? ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్ళింది. సారాకు పోయే రూపాయిని దాచుకుందామన్న పొదుపు ఉద్యమం మన జిల్లాలో ఆ వేడిలోనే పుట్టింది. మీ సంఘం దాని మనవరాలు.

*

ప్రశ్న: పెరట్లో పది నాటు పెట్టలున్నాయి. సంతలో మూడు కొత్తవి కొని కలిపాను. పాతవి వాటిని రక్తం వచ్చేలా పొడుస్తున్నాయి. దాణా తిననివ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, దర్శి

జవాబు: కోళ్ళ ప్రశ్న నాకెందుకు పంపారా అని మొదట నవ్వుకున్నాను. తర్వాత అర్థమైంది, వరసల గురించి మనుషులు రాసుకున్న శాస్త్రమంతా కోళ్ళ గూటిలోనే మొదలైంది.

నార్వేకు చెందిన షెల్డెరప్-ఎబ్బె అనే ఆయన చిన్నతనం నుంచే కోళ్ళను విడివిడిగా గుర్తుపట్టి, ఏది దేన్ని పొడుస్తోందో పుస్తకంలో రాసుకున్నాడు. 1922లో దాన్ని జర్మన్ భాషలో ప్రచురించాడు. ఏ రెండు పెట్టలను తీసుకున్నా ఒకటి పొడిచేది, ఒకటి తప్పుకునేది. ఒకసారి తేలాక మళ్ళీ మళ్ళీ పోట్లాడవు, పైది ఒక్క చూపు చూస్తే కిందది జరుగుతుంది. ఈ వరస ఎప్పుడూ నిచ్చెనలా తిన్నగా ఉండదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడుస్తుంటే, ఆ మూడోది వెళ్ళి మొదటిదాన్ని పొడవడం కూడా ఆయన చూశాడు. కొన్ని కుటుంబాల్లో అత్త, కోడలు, ఆడబిడ్డల వ్యవహారం తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

మీ కొత్త పెట్టలు పాతవాటిలో ప్రతిదానితోనూ విడిగా లెక్క తేల్చుకోవాలి. అందుకే ఆ రక్తం. ముందు వాటిని విడదీయండి. సంతలో కొన్నవి కాబట్టి కొక్కెర తెగులు లాంటివి ఉన్నాయేమోనని ఎలాగూ రెండు మూడు వారాలు దూరంగా ఉంచాలి. తర్వాత కొన్నాళ్ళు మధ్యలో వల కట్టి, ఒకదానికొకటి కనబడేలా ఉంచండి. కలిపేటప్పుడు మూడింటినీ ఒకేసారి, చీకటి పడ్డాక గూట్లో పెట్టండి. దాణా, నీళ్ళు మూడు నాలుగు చోట్ల పెట్టండి, ఒకే తొట్టి ఉంటే దాన్ని పెద్ద పెట్ట ఆక్రమిస్తుంది. దాక్కోవడానికి నాలుగు తాటాకులు నిలబెట్టండి. గాయమైనదాన్ని మానేదాకా కలపవద్దు, ఎర్రగా కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. పెత్తనం చేసే పెట్టను కోసేస్తే గొడవ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కూర దొరుకుతుందే తప్ప, ఆ స్థానం కోసం మిగిలినవి మళ్ళీ మొదటినుంచి కొట్టుకుంటాయి.

*

ప్రశ్న: మగాడు ‘ఆల్ఫా’గా ఉండాలని, తోడేళ్ళ గుంపులో నాయకుడిలా అందరినీ అణచి పెట్టాలని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఆ మాటకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన. ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతు ప్రదర్శనశాలలో ఒకచోట మూసిపెట్టిన తోడేళ్ళను. ఆ మాటను బాగా ప్రచారం చేసిన అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ మీచ్ తర్వాత అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, 1999లో దాన్ని సవరించాడు. అడవిలో గుంపు అంటే సాధారణంగా ఒక జంట, వాటి పిల్లలు. నాయకుడు అంటే నాన్న, నాయకురాలు అంటే అమ్మ. యుద్ధం చేసి గెలిచిన సింహాసనం కాదది. కాబట్టి నాయనా, నువ్వు ఆల్ఫావు కావాలంటే ముందు పెళ్ళి చేసుకుని పిల్లలను పెంచాలి. ఈలోగా సప్లిమెంటరీలు ఏమైనా మిగిలి ఉంటే పూర్తి చేసుకో.

*

ప్రశ్న: మా ఊరి తిరునాళ్ళకు కుర్రాళ్ళం ఫ్లెక్సీ వేయించాం. ఫోటోల వరస మీద, సైజు మీద గొడవ జరిగి ఒక ఫ్లెక్సీ చించేశారు. ఈ ఏడాది ఎవరికీ కోపం రాకుండా ఎలా వేయాలి? ప్రభుత్వ సభల్లో దీనికేమైనా పద్ధతి ఉందా?
– ఉత్సవ కమిటీ సభ్యుడు, పొదిలి

జవాబు: ఉంది నాయనా. దేశం మొత్తానికి హోదాల క్రమ పట్టిక ఒకటి ఉంది, 1979లో రాష్ట్రపతి సచివాలయం వెలువరించింది. రాష్ట్రపతి 1, ఉపరాష్ట్రపతి 2, ప్రధాని 3. ఆ తర్వాతే అసలు తమాషా. గవర్నరు తన రాష్ట్రంలో ఉంటే 4, పొలిమేర దాటితే 8. ముఖ్యమంత్రి తన రాష్ట్రంలో 7, బయట 8. తడ చెక్‌పోస్టు దాటి తమిళనాట అడుగుపెడితే అదే మనిషి, అదే కారు, అంకె మాత్రం మారిపోతుంది. ఈ పట్టిక రాజ్యాంగ లాంఛనాలు, ఉత్సవాల కోసమేనని, రోజువారీ పాలనకు వర్తించదని అందులోనే రాసి ఉంది. అయినా శిలాఫలకం మీద తన పేరు ఒక గీత కిందికి వచ్చిందని అలిగి వెళ్ళిపోయినవారిని, కొంగు నడుముకు బిగించి వెనకాలే పరిగెత్తి బతిమాలి తెచ్చినదాన్ని నేను.

అన్నేళ్ళు చూశాక నాకు తేలిందొకటి. మొదటి స్థానంలో ఉన్నాయనకు ఫోటో సైజు పట్టదు. చివరన ఉన్నాయన ఫోటో వేయడమే గొప్ప అనుకుంటాడు. కొట్లాటంతా మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య. పక్కపక్క మెట్ల మీద ఉన్నవాళ్ళకే ఎవరు పైనో సందేహం, సందేహం ఉన్నచోటే చేయి లేస్తుంది. మీ ఊళ్ళో చించింది ఎవరో నాకు తెలియదు గానీ, ఏ వరసలో ఫోటో ఉన్నవాళ్ళ మనుషులో ఊహించగలను.

మీ తిరునాళ్ళలోనే దీనికి జవాబుంది, ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు కదా? రెండు పళ్ళ జతకు ఒక పోటీ, నాలుగు పళ్ళకు ఒకటి, ఆరు పళ్ళకు ఒకటి, సీనియర్లకు వేరే. దూడ లాంటి గిత్తను ముదురు ఎద్దుతో పోటీకి నిలపరు. ఇచ్చిన సమయంలో బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పెట్టి కొలుస్తారు. ఎవరి జత గొప్పదని ముందురోజు దాకా ఎంత వాదించినా, టేపు చుట్టాక గొంతులు తగ్గుతాయి. కొలత అందరికీ కనబడేచోట వరస గొడవ తక్కువ. ఊరికి ఎవరు ఎంత చేశారనేదానికి కొలత లేదు కాబట్టి, ఫోటో సైజునే కొలతగా చేసుకుంటున్నారు.

అందుకని ఇలా చేయండి. ఫ్లెక్సీ మీద అమ్మవారి బొమ్మ ఒక్కటే వేయండి. మనుషుల ఫోటోలు వద్దు. చందా ఇచ్చినవారి పేర్లు వేరే బోర్డు మీద, అకారాది క్రమంలో, ఒకే సైజు అక్షరాలతో రాయించండి. ‘అకారాది క్రమంలో’ అని పైన తప్పకుండా రాయండి, లేకపోతే మొదటి పేరు వారే పెద్ద దాత అనుకుంటారు. మొత్తాలు రాయాలంటే అందరివీ రాయండి, లేదా ఎవరివీ వద్దు. వేదిక మీద కుర్చీలు పిలిచినవారికన్నా రెండు ఎక్కువగా వెనక దాచి ఉంచండి. పిలవని పెద్దమనిషి ఒకరు తప్పకుండా మెట్లెక్కుతారు, ఆయన కోసం కూర్చున్నవారిని లేపడం కన్నా పెద్ద అవమానం ఉండదు. ఒక్క కుర్చీ వీపుకు మాత్రమే తెల్ల టవలు కప్పవద్దు. ఆ టవలు చూసి ఎవరు కూర్చోవాలా అని మీ ఊరు నెల రోజులు మాట్లాడుకుంటుంది.

మీరు పిలిచేవాళ్ళకూ ఒక మాట. పదమూడో శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, విరాటపర్వంలో ధౌమ్యుడి చేత పాండవులకు కొలువు మర్యాదలు చెప్పించాడు. తగిన చోటు చూసుకుని కూర్చోవాలి, రాజు ఇంటికన్నా అందమైన ఇల్లు కట్టకూడదు, రాజులా వేషం వేయకూడదు అని. పాండవులు ఏ సింహాసనం మీద కూర్చోవలసినవాళ్ళు, ఏ కొలువులో ఎక్కడ నిలబడవలసి వచ్చింది! కథ భారతంలోదే అయినా, తెలుగు చేసిన మనిషి కొలువులో రోజూ అది చూస్తున్నవాడు కాబట్టి అంత నిక్కచ్చిగా రాశాడని నా అనుమానం.

*

ప్రశ్న: మా అబ్బాయి షటిల్ బయట పోటీల్లో బాగా ఆడతాడు. మా వీధి పిల్లలతో ఆడితే మాత్రం ఓడిపోతాడు. వాళ్ళు వీడికన్నా బాగా ఆడేవాళ్ళేమీ కాదు. కావాలని ఓడిపోతున్నాడా?
– ఒక తల్లి, కోవూరు

జవాబు: కావాలని కాదమ్మా. విలియం ఫుట్ వైట్ అనే అమెరికన్ పరిశోధకుడు బోస్టన్ నగరంలో ఇటాలియన్ కుటుంబాల పేటలో కాపురం పెట్టి, వీధి మూలన చేరే కుర్రాళ్ళ గుంపుతో కలిసి తిరిగాడు. 1943లో దాని మీద పుస్తకం రాశాడు. వాళ్ళు బౌలింగ్ ఆడేవారు, అంటే బంతి దొర్లించి కర్రలు పడగొట్టే ఆట. పోటీ పెట్టుకుంటే వచ్చిన మార్కుల వరస గుంపులో ఎవరి స్థానం ఎంతో దాదాపు ఆ వరసలోనే ఉండేది. కింది స్థానంలో ఉన్న కుర్రాడు మామూలు రోజుల్లో బాగా ఆడినా, అందరూ చేరిన రోజున తడబడేవాడు. ఒకతను బయట డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడేంత మంచి ఆటగాడు, తన గుంపు ముందు మాత్రం బంతి సరిగ్గా కొట్టలేకపోయేవాడు.

కిందివాడు గెలవబోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఎగతాళి మొదలుపెడతారు, పైవాడు తప్పు చేస్తే ‘ఫరవాలేదులే’ అంటారు. రెండు మూడుసార్లు అలా జరిగాక బ్యాటు పట్టే చేతికే ఆ సంగతి తెలిసిపోతుంది. గట్టుమీద కూర్చుని ఒక సాయంత్రం ఆట చూడండి, ఆటను కాదు, చుట్టూ ఉన్న నోళ్ళను. ‘నువ్వు వాళ్ళకన్నా బాగా ఆడతావు కదరా’ అని మాత్రం వాళ్ళ ముందు అనకండి. వీలైతే ఆ గుంపులో పెద్దవాడితో మీవాడిని డబుల్స్‌లో జతగా ఆడనివ్వండి. పెద్దవాడు గెలవాలంటే వీడు బాగా ఆడాలి కాబట్టి, ఎగతాళి చేసే నోళ్ళను ఆ పెద్దవాడే మూయిస్తాడు.

*

ప్రశ్న: పై అధికారులకే ఒత్తిడి, గుండెపోటు ఎక్కువ అంటారు. నేను జూనియర్ అసిస్టెంటుని, నాకెందుకు రక్తపోటు వచ్చింది?
– ఒక ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ‘పై అధికారులకే ఎక్కువ’ అన్నది పై అధికారులు చెప్పే మాట. లండన్‌లో 1967లో మొదలుపెట్టి దాదాపు 18 వేల మంది ప్రభుత్వ ఉద్యోగులను, మగవాళ్ళను, ఏళ్ళ తరబడి పరిశీలించారు. మైకేల్ మార్మట్ తదితరుల లెక్క ప్రకారం అట్టడుగు స్థాయిలో ఉన్న బంట్రోతులు, తలుపు దగ్గర నిలబడేవాళ్ళు గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం పై అధికారులకన్నా సుమారు మూడు రెట్లు. వీళ్ళెవరూ తిండికి లేని పేదలు కారు, అందరివీ స్థిరమైన ఉద్యోగాలే. మధ్య మెట్ల మీద ఉన్నవాళ్ళకూ మెట్టు దిగేకొద్దీ ప్రమాదం పెరిగింది. పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985 నుంచి ఆడవాళ్ళనూ చేర్చి చేసిన రెండో పరిశీలనలో, చేసే పని ఎప్పుడు, ఎలా చేయాలో తాను నిర్ణయించుకునే వీలు లేకపోవడం ఒక ముఖ్య కారణంగా కనిపించింది.

అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? గంట మోగితే లేవాలి. దస్త్రం చేత్తో పట్టుకుని తలుపు బయట నిలబడాలి, లోపల ఫోను సంభాషణ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. సాయంత్రం అయిదున్నరకు ‘రేపు ఉదయానికల్లా నివేదిక కావాలి’ అంటారు. పైవాడికి పని ఎక్కువే, కానీ ఆగమనేది ఆయన, ఆగేది మీరు.

కెన్యాలో బబూన్ కోతులను పరిశీలించిన రాబర్ట్ సపోల్‌స్కీ చెప్పిన సంగతి ఒకటి నాకు ఇష్టం. 1980లలో ఒక గుంపులోని బాగా దూకుడైన మగకోతులు పర్యాటకుల వసతిగృహం చెత్తకుప్పలో క్షయ సోకిన మాంసం తిని చనిపోయాయి. మిగిలినవి నెమ్మదైనవి. పై స్థానం, కింది స్థానం అప్పుడూ ఉన్నాయి, కిందివాటిని ఊరికే కొట్టడం మాత్రం తగ్గింది. కిందివాటి ఒంట్లో ఒత్తిడి లక్షణాలూ తగ్గాయి. ఏళ్ళ తర్వాత బయటినుంచి చేరిన కొత్త మగకోతులు కూడా అదే నెమ్మది నేర్చుకున్నాయి. మీ కార్యాలయంలో అధికారి మారినప్పుడు సెక్షన్ మొత్తానికి ప్రాణం లేచి వచ్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

మందులు మానకండి, ఉప్పు తగ్గించండి, డాక్టరు చెప్పిన తేదీకి వెళ్ళండి. కార్యాలయంలో ఏదో ఒక్క పని, ఒక రిజిస్టరో ఒక నెలవారీ నివేదికో, మొదటి నుంచి చివరి దాకా మీ పద్ధతిలో మీరే చేసేలా అడిగి తీసుకోండి. దాని కోసం మీ బల్ల దగ్గరకు ఎవరో ఒకరు వచ్చి ఆగుతారు.

*

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళికి బంతి భోజనాలు పెట్టాలా, బఫే పెట్టాలా? బంతి అయితే ఎవరు ముందు కూర్చోవాలో గొడవ, వియ్యాలవారు అలుగుతారని భయం.
– ఒక తండ్రి, అల్లూరు

జవాబు: బఫే పెడితే వరస పోతుందనుకోకండి అన్నయ్యా. పక్కన తెర కట్టి ‘ప్రముఖులకు’ అని నాలుగు బల్లలు వేస్తారు, అలక అక్కడికి మారుతుంది. బంతే పెట్టండి. మొదటి బంతికి మగపెళ్ళివారి పెద్దలను పేరుపేరునా పిలవడానికి మీ వైపు నుంచి ఒక పెద్ద ముత్తైదువను, ఒక పెద్దాయనను నిలబెట్టండి, మీరు మాత్రం ఆ పని పెట్టుకోకండి. వడ్డన రెండు కొసల నుంచి ఒకేసారి మొదలుపెట్టమనండి, అప్పుడు ఎవరి విస్తరి మొదటిదో తేలదు. అందరి విస్తళ్ళలో నెయ్యి పడేదాకా ఎవరూ కలపకుండా చూడండి. సాయంత్రం విందులో చేపల పులుసు పెడితే ముక్కలు ఒకే సైజు కోయించండి, తలకాయలు అడిగినవారికి మాత్రమే. మేళం వాళ్ళు, డ్రైవర్లు, ఫోటోలవాళ్ళు ఆఖరి బంతిదాకా ఆగితే వాళ్ళకు సాంబారు అడుగు మిగులుతుంది. వాళ్ళ భోజనం ఎన్ని గంటలకో వంటమేస్త్రీతో ముందే మాట్లాడి, కాగితం మీద రాయించుకోండి.